ముల్లు ఆగకముందే

ముందు నా సంగతి చెప్పేస్తాను, తర్వాత ఆయన గురించి. నేను డిగ్రీ పాసయ్యాను. బీఎస్సీ. మొన్న శుక్రవారం పొద్దున ఫలితాలు వచ్చాయి. మా ఇంట్లో ఇంతకుముందు పదో తరగతి దాటినవాళ్లు లేరు. అందుకే ఫోన్‌లో నా హాల్ టికెట్ నంబర్ పక్కన ఉన్న మాట నిజంగా ఆ మాటేనా అని తెరను పైకీ కిందికీ జరిపి నాలుగుసార్లు చూసుకున్నాను. మా బాపు నందిపేట్, ఆర్మూర్ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. ఆ రోజు ఆటో ఎక్కిన ప్రతి మనిషికీ "నా బిడ్డ డిగ్రీ అయిపోయింది" అని చెప్పాడట. వెనక సీట్లో ఒక ముసలామె "మరి పెండ్లెప్పుడు" అని అడిగితే, ఆమెను దిగాల్సిన చోటు దాటించి దింపాడని అమ్మ చెప్పి నవ్వింది.

నేనూ కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. చెప్పలేకపోయింది ఒక్క మనిషికే. ఆయన మాఘమాసంలో పోయాడు. ఆర్మూర్ మార్కెట్ యార్డు గేటు ఎదురు సందులో కాంటాలు బాగుచేసే మనిషి. చుట్టం కాదు, మా ఊరాయన కాదు, మేం కాకా అని పిలిచేవాళ్లం, అంతే.

నాకు నత్తి. చిన్నప్పటి నుంచి ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు రాదు, మా మేకతో మాట్లాడేటప్పుడు రాదు. ఎదురుగా మనిషి నిలబడితే మాట గొంతులోనే, మెట్ల మీద కాలు తట్టుకున్నట్టు, తట్టుకుని పడుతుంది. అందుకే డిగ్రీలో నన్ను భయపెట్టింది రాతపరీక్షలు కాదు. చివరి సెమిస్టర్లో వైవా ఉంటుంది. బయటి నుంచి వచ్చిన సారు ముందు నిలబడి, మన ప్రాజెక్టు గురించి నోటితో చెప్పాలి. అది తలచుకుని రెండుసార్లు చదువు ఆపేద్దామనుకున్నాను. ఆపకుండా ఉన్నానంటే కాక వల్ల, ఒక ఆట వల్ల, ఆ ఆటలో ఒక మంత్రం ఎప్పుడు చదివినట్టు లెక్క అనే కొట్లాట వల్ల.

కాకకు ఆగడం అంటే ఇష్టం. ఏదైనా సరే, అది కదలకుండా నిలిచిన తర్వాతే ముట్టుకునేవాడు. చాయ్ తెస్తే సాసర్లో పోసి, పైన అలలు పోయేదాకా చూసి అప్పుడు తాగేవాడు. టైమెంత కాకా అని అడిగితే గడియారం వైపు చూసి, సెకన్ల ముల్లు పన్నెండు దాటేదాకా ఊరుకుని అప్పుడు చెప్పేవాడు. అప్పటికి అడిగినవాడు సగం సందు దాటి ఉండేవాడు. తూకం వేసేటప్పుడు ముల్లు ఊగుతుండగానే ఎవరైనా అంకె చెప్పబోతే, చెయ్యి అడ్డం పెట్టి "ఆగనియ్యవోయ్, ఉరికియ్యనీకి అదేమన్న నీ బండా" అనేవాడు. ఎలక్ట్రానిక్ కాంటాలు ఆయనకు నచ్చవు. బాగు మాత్రం చేసేవాడు. "గది అంకె చెప్తది గని ఆలోచన చెయ్యది" అనేవాడు. కళ్లజోడుకు ఒక పక్క పుల్ల విరిగి, దారంతో చెవికి కట్టుకునేవాడు. లోకంలో ఉన్న తూకాలన్నీ సరిచేసే మనిషి ముఖం మీద కళ్లజోడు మాత్రం ఎప్పుడూ ఒక పక్కకు వంగే ఉండేది.

ఆయన దుకాణంలోకి ఆటను తెచ్చింది సాయి. నా క్లాస్‌మేట్. వాళ్లది రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణం, కాక దుకాణానికి పక్కదే. సాయి నెట్‌లో ఒక ఆట పట్టుకున్నాడు. బోర్డు ఉండదు. ఒకరు కథ చెప్తారు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులవుతారు. ఒకరు దొంగ, ఒకరు యోధురాలు, ఒకరు మాంత్రికుడు. ఎవరేం చేస్తారో నోటితో చెప్పాలి, అది జరిగిందా లేదా అని ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చాలి. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. సాయి దాన్ని జిరాక్స్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాడు. ఆదివారం యార్డు బంద్ కాబట్టి కాక దుకాణంలో పెద్దబల్ల ఖాళీగా ఉండేది. సాయి కథ చెప్పేవాడు. నేనూ, నా దోస్తు రవళీ ఆడేవాళ్లం. రవళి నాలుగు మంత్రాలు కూడా వచ్చిన దొంగ. నేను గొడ్డలి పట్టుకున్న యోధురాలిని. గొడ్డలిని ఎందుకు ఎంచుకున్నానంటే దానికి మాటలు అక్కర్లేదు. వేలు చూపిస్తే చాలు, దెబ్బ పడుతుంది. మిగతా నా మాటలన్నీ రవళే చెప్పేసేది. మాకు రాక్షసుల బొమ్మలు లేవు. పసుపు కొమ్ములు చిన్న రాక్షసులు, గుండ్రటి దుంపలు పెద్దవి. చేతులన్నీ పచ్చగా అయ్యేవి.

మొదట్లో కాక మా వైపు చూసేవాడే కాదు. మూలన కూర్చుని తూకపు బాట్లను ఇత్తడి తోమే పొడితో తోముకునేవాడు. మేం ఆడేది తక్కువ, కొట్లాడేది ఎక్కువ. కొట్లాట ఎప్పుడూ ఒక్కదాని గురించే. సాయి పాచిక వేస్తాడు, రవళి దొంగకు దెబ్బ తగులుతుంది. అంకె చూశాక రవళి "నేను ముందే డాలు మంత్రం చదివిన" అంటుంది. "ఎప్పుడు చదివినవే?" "మనసుల చదివిన." "మనసుల చదివితే నాకెట్ల ఎర్కయితది?" ఇలా గంటసేపు.

ఒక ఆదివారం కాక బాటు కింద పెట్టి లేచి వచ్చాడు.

"ఆడుతున్నరా, పంచాయతి పెట్టుకున్నరా?"

సాయి విషయం చెప్పాడు. ఆటలో కొన్ని మంత్రాలు అవతలివాడి దెబ్బకు అడ్డుపడేవి. వాటిని ఏ క్షణంలో చదవాలన్నది గొడవ. పుస్తకం ప్రకారం పాచిక పడ్డాక, ఫలితం ఏమైందో కథ చెప్పేవాడు చెప్పేలోపు చదవొచ్చు.

"అంకె చూసినంక చదువుతరా?"

"పుస్తకంల గట్లనే ఉంది కాకా."

"అంకె చూసినంక మాట్లాడేది బేరం రా, మంత్రమెట్లయితది?" అన్నాడు కాక. గోడకు వేలాడుతున్న ఇత్తడి కాంటా పళ్లెం ఒకటి దించి బల్ల మీద పెట్టాడు. "పాచిక గిండ్ల వెయ్యిండ్రి. తిరుగుతున్నంతసేపు ఎవరేమన్న చదువుకోండ్రి. ఆగినంక నోరు మూసుకోండ్రి. ఆగిందా లేదా నేను చెప్త."

"పుస్తకంల..."

"పుస్తకం రాసినాయన ఆర్మూర్ అచ్చిండా? రాలె. మరి ఊకో, వకీల్ సాబ్."

ఆ రోజు నుంచి సాయి పేరు వకీల్ సాబ్. ఆ రోజు నుంచి మా ఆటకు కాక చట్టం. ఇరవై ముఖాల పాచిక ఇత్తడి పళ్లెంలో గిరగిరా తిరిగేది, రవళి గొంతు చించుకుని మంత్రం అరిచేది, కాక కళ్లజోడు పైకి నెట్టుకుని వంగి చూసి "ఆగింది" అనేవాడు. ఆ ఒక్క మాటతో అన్నీ తేలిపోయేవి. రెండేళ్లు అలాగే ఆడాం. ఈ ఆట ఆడేవాళ్లు లోకంలో ఇంకెక్కడా ఇలా ఆడరని ఆ తర్వాత నెట్‌లో చూసి తెలుసుకున్నాను. మాకు మాత్రం అది తప్పుగా అనిపించలేదు. పసుపు పండించి అమ్ముకునే చోట పెరిగినవాళ్లం, ముల్లు ఆగాక మాట్లాడకూడదని మాకు పుట్టుకతోనే తెలుసు.

మూడో ఏడాదిలో నా గొడ్డలి యోధురాలు ఒక గుహలో చచ్చిపోయింది. కొత్త మనిషిని తీసుకోమన్నాడు సాయి. నేను కాగితం మీద మాంత్రికురాలు అని రాశాను. రవళి చూసి నా చెవిలో "మంత్రాలు నోటితోని చదవాలె గదనే" అంది. నాకు తెలుసు. తెలిసే రాశాను. ఇంట్లో మేక ముందు నిలబడి అన్ని మంత్రాలూ చదివి చూసుకున్నాను, ఒక్కటీ తట్టుకోలేదు.

బల్ల దగ్గర తట్టుకున్నాయి. పాచిక ఆగేలోపు నా మాట బయటపడేది కాదు. నాలుగు వారాల్లో ఒక్క అడ్డుమంత్రం కూడా నేను వేయలేకపోయాను. ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లు ఏమీ అనకపోవడమే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఐదో వారం. రవళి దొంగ ఒక కొండ అంచున వేలాడుతోంది. ఎదురుగా, కథలో సాయి నడిపే శత్రు మాంత్రికుడు అగ్నిమంత్రం వేశాడు. పాచిక పళ్లెంలో పడింది. నేను నోరు తెరిచాను. "అ..." అన్నాను. "అ... అ..." పాచిక తిరుగుతోంది. "అ..." నెమ్మదించింది. అంచుకు తగిలి పడుకుంది.

"ఆగింది" అన్నాడు కాక, అలవాటుగా.

"అడ్డుమంత్రం" అన్నాను నేను.

సాయి మెల్లగా "ఆగినంక అచ్చింది కాకా" అన్నాడు. అతను దుర్మార్గుడు కాదు. రూలు రూలే అనుకునే మనిషి. తన దొంగ చస్తుందని రవళి ఊగిపోయింది.

"ముందుగాల మొదలువెట్టింది గదరా, నీకు చెవులు లేవా?"

"మొదలువెడితే అయితదా? మంత్రం మొత్తం చదవాలె. రేపు నువ్వు సుతం 'ఆ' అని మొదలువెట్టి, అంకె చూసుకుని, ఏది పనికొస్తే అది చదువుతవు."

"నేనెందుకు చదువుత?"

"నువ్వు కాకపోతే ఇంకెవరు చదువుతరు?"

అప్పుడు నేను అన్నాను, "వ... వద్దులే. చెల్లదు. సాయి చెప్పిందే కరెక్ట్."

నాకది అలవాటు. ఎక్కడైనా మాట తట్టుకుంటే "వద్దులే" అని దిగిపోతాను. దుకాణంలో, బస్సులో, క్లాసులో. కానీ కాక నన్ను అదోలా చూశాడు. తన ఎదురుగా ఒక రైతు నిలబడి, నా బస్తా తక్కువే తూగింది అని తానే చెప్పుకుంటే చూసినట్టు.

"గిది ఇయ్యాల తేల్చను" అన్నాడు. "అచ్చే ఐతారం చెప్త."

"మరి నా దొంగ?" అంది రవళి.

"గప్పటిదాక గా కొండకే ఏలాడనియ్యి. చేతులు గుంజుతే గుంజనియ్యి."

ఆ వారంలోనే కాలేజీలో వైవా సంగతి వచ్చింది. మా కెమిస్ట్రీ సారు మంచివారు. నన్ను పక్కకు పిలిచి, "నువ్వేం ఫికర్ పడకమ్మా. బయటి సారుకు నేను చెప్తా. నువ్వు నిలబడితే చాలు, మాట్లాడకున్నా నడుస్తది" అన్నారు. నేను థాంక్స్ చెప్పాను. బయటికొచ్చి బస్టాండు దాకా నడుస్తూ, ఆ మంచితనం నాకెందుకు గుచ్చుకుంటోందో అర్థం కాలేదు. ఇలాగే నిలబడి, మాట్లాడకుండా పాసవడానికి ఇంత దూరం వచ్చానా అనిపించింది. ఇంటికెళ్లి అమ్మతో, ఇక కాలేజీకి పోను అన్నాను. అమ్మ మాత్రం "ఐతారం దాక ఆగు, గా ఆటన్న ఆడిరా" అంది.

ఆదివారం మేం వెళ్లేసరికి కాక బల్ల ఖాళీ చేసి పెట్టాడు. దుకాణం మధ్యలో బస్తాలు తూచే పాత కాంటా ఉంది. సాయి వాళ్ల గోదాంలోంచి ఒక పసుపు బస్తా తెప్పించి పక్కన నిలబెట్టాడు.

"వకీల్ సాబ్, గా బస్తా ఎక్కియ్యి."

సాయి, రవళి కలిసి ఎత్తి వేశారు. ముల్లు ఇటూ అటూ ఊగడం మొదలుపెట్టింది.

"బస్తా ఎక్కిందా?"

"ఎక్కింది."

"ముల్లు ఆగిందా?"

"ఇంక లేదు."

"మరి ఆగకముందే ఎక్కిందని ఎట్ల చెప్తివి?"

సాయి ముల్లు వైపు చూశాడు. అది ఇంకా ఊగుతోంది. "బస్తా ఎక్కింది నిజమే కాకా" అన్నాడు, "గని బరువెంతో ఎర్కలేదు గద."

"బరువు తరువాత ఎర్కయితది. ఎక్కుడు ఎక్కుడే" అన్నాడు కాక. "మంత్రం సుతం గంతే. నోరు తెరిస్తే బస్తా ఎక్కినట్టు. లోపట మాట ఊగుతది, ఊగనియ్యి. ఊగని ముల్లును నా దగ్గరికి రిపేరుకు తెస్తరు రా. తుప్పు పట్టినదే ఊగదు."

నేను కాంటా వైపే చూస్తున్నాను. ఎవరి ముఖం వైపూ చూడలేకపోయాను.

సాయి అంత తొందరగా వదిలే రకం కాదు. "మరి మొదలువెట్టి మాట మారిస్తే?"

"మార్చుడు లేదు. ఎక్కిన బస్తా దింపుడు లేదు. ఏ మంత్రం మనసుల వెట్టుకుని నోరు తెరిచిందో గదే చదవాలె. పొద్దూకినా గదే చదవాలె. అబద్ధమాడితే కండ్లల్ల కనవడతది, నలభై ఏండ్ల నుంచి కాంటా కాడ నిలవడ్డ, నాకు ఎర్కగాదా?" తర్వాత రవళి వైపు తిరిగాడు. "నువ్వు సుతం ఇను. ఆమె మాట నువ్వు చెప్పుడు ఇగ బంద్. ఎవరి బస్తా వాళ్లే ఎక్కియ్యాలె."

"నేను మంచికే గద కాకా..."

"మంచికే. కాంటా మీద మంచికి ఏలు వెట్టినా తూకం తప్పుతది."

రవళి మూతి ముడుచుకుంది. కాక బల్ల దగ్గరికి వచ్చి, పళ్లెంలో పాచికను తీసి నా ముందు పెట్టాడు.

"పోయిన వారం 'ఆగింది' అన్నది నా నోరు. గది తప్పు. పాచికొక్కటే చూసిన, నీ దిక్కు చూడలె. నీకు సుతం ఒక మాట చెప్త బిడ్డ. తూగేటప్పుడు బస్తా లేచి ఉరకొద్దు. వద్దులే, చెల్లదు అని నువ్వే అంటే ఇగ కాంటా ఎందుకు, నేనెందుకు?"

రవళి దొంగ బతికింది. సాయి తన స్పైరల్ పుస్తకంలో ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో "ఆర్మూర్ రూలు" అని రాసుకున్నాడు. అది తప్పని ఇప్పటికీ వాదిస్తాడు. ఆడేటప్పుడు మాత్రం ఆ రూలు ప్రకారమే ఆడతాడు.

ఆ తర్వాత నేను మంత్రాలు చదివాను. ఒక్కోసారి ఒక్క మంత్రానికి కాక సాసర్లో చాయ్ చల్లారిపోయేది. ఆయన తాగకుండా కూర్చునేవాడు. నేను ముగించాక "ఊఁ, ఎక్కింది" అనేవాడు, పొగడ్త లేదు, ఓదార్పు లేదు. లెక్క రాసుకునే మనిషి గొంతు. కాలేజీ మానేస్తానన్న సంగతి ఆయనకు నేను చెప్పనే లేదు. సోమవారం ఎప్పటిలాగే బస్సెక్కాను.

మాఘంలో ఒక రోజు కాక ఛాతీలో నొప్పి అంటే నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్లారు. మూడు రోజులున్నాడు. మాకు తెలిసేసరికి దుకాణం షట్టర్ కిందికి దించి ఉంది. చాలా ఆదివారాలు మేం ఆడలేదు.

వైవా రోజు బయటి సారు అడిగారు, నా ప్రాజెక్టు ఏమిటని. పసుపులో కలిపే కల్తీరంగును కనిపెట్టే పరీక్ష. మా సారు దయగా ముందుకు వంగి, "సార్, ఈ అమ్మాయికి కొంచెం మాట..." అని మొదలుపెట్టారు. నేను "స... సార్, నేను చె... చెప్తాను" అన్నాను. చెప్పాను. బయటి సారు మధ్యలో ఒకసారి గడియారం చూశారు. ఇంకాసేపటికి పెన్నుకు మూత పెట్టారు. అయినా నేను దిగిపోలేదు. యాసిడ్ ఎప్పుడు కలపాలో, రంగు ఏ క్షణంలో మారుతుందో, ఎందుకు మారుతుందో అన్నీ చెప్పాను. చివర్లో ఆయన పెన్ను మూత మళ్లీ తీసి, ఇంకో ప్రశ్న అడిగారు. నిజంగా తెలుసుకోవాలని అడిగిన ప్రశ్న. దానికీ చెప్పాను.

శుక్రవారం ఫలితం చూశాక కాకి దగ్గరికి వెళ్లాను. కాక భార్య. ఆమె వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. చెప్పేదాకా ఆమె గింజలు తీస్తూనే ఉంది, తొందరపెట్టలేదు.

"మంచిగైంది బిడ్డ" అంది. తర్వాత, "నువ్వేనా గా మంత్రాల పిల్లవు?" అంది.

అవునన్నాను.

"నీ పంచాయతితోని ఏడు దినాలు నన్ను సతాయించిండు. బువ్వ తినుకుంట ఒక్కటే సవాలు. 'నువ్వు నన్ను పిలుస్తున్నవనుకో, నీ మాట ముగిసేలోపు నేను ఇంటి కడప దాటిపోయిన. పిలిచినట్టా, పిలవనట్టా?' మనిషికి మతి తప్పిందేమో అనుకున్న."

"న... నువ్వేమన్నవు కాకీ?"

"పిలిచినట్టే అన్న. నేను పిలుచుడు నా పని, ఇనకుంట ఉరుకుడు నీ తప్పు అన్న. గా దినం నిమ్మళంగ నిద్రపోయిండు."

అంటే ఆ తీర్పు ఆమెది. కాక దానికి కాంటా తగిలించాడు, అంతే. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే కాకి నవ్వింది. "ఇంట్ల ఆడమనిషి చెప్పిందని చట్టం చేస్తే వకీల్ సాబ్ ఊకుంటడా?"

నిన్న ఆదివారం చాలా రోజుల తర్వాత మళ్లీ ఆడాం, సాయి వాళ్ల దుకాణం అరుగు మీద. నా పాసైన సంబరానికి రవళి మిర్చి బజ్జీలు తెచ్చింది. గంటలోపే కొట్లాట వచ్చింది. రవళి దొంగ కోట గోడ మీంచి జారింది. సాయి పాచిక వేశాడు. రవళి "ఆగాగు, ఆగు, ఒక్క నిమిషం" అంది. పాచిక నిలిచాక, "గాలిల తేలే మంత్రం" అంది.

"ఆగినంక అన్నవు."

"ముందే నోరు తెరిచిన. ఆర్మూర్ రూలు."

"'ఆగు' అంటే మంత్రమా?"

"మంత్రమే. నా దొంగకు గదే మంత్రం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, తర్వాత నన్ను చూశారు. అప్పటిదాకా మా ఆటలో తీర్పు చెప్పమని నన్నెవరూ అడగలేదు. నేను నోరు తెరిచాను. మాట తట్టుకుంది. రవళి పెదవులు కదిలాయి, కానీ ఆమె బజ్జీ నోట్లో పెట్టుకుని ఊరుకుంది. సాయి పుస్తకం మూశాడు. నందిపేట్ ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"చె... చెల్లదు" అన్నాను. "నువ్వు మం... మంత్రంతో నోరు తెరవలేదు. నో... నోరు తెరిచినంక మంత్రం వె... వెతుక్కున్నవు."

నా జీవితంలో నేను చెప్పిన అతి పొడుగైన తీర్పు అది. సాయికి తన గెలుపు నమ్మశక్యం కాలేదు. రవళి దొంగ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా ఒళ్లోకి విసిరింది.

"డిగ్రీ పాసైనంక మస్తు పొగరొచ్చింది నీకు" అంది. "ఇంకో కాగితం ఇయ్యి. నేను సుతం మంత్రగత్తెనే తీసుకుంట. ఇగ ప్రతి ఐతారం నీతోనే నా కొట్లాట."